అమీర్‌పేట డాబా మీద విమానం రెక్క ముక్క: రివెట్ కొట్టే ముందు జరిగే అసలు పని

2014లో ఐఫోన్ 6 ప్లస్ జేబులో పెట్టుకుంటే వంగిపోతోందని పెద్ద గోల జరిగింది, గుర్తుందా? దానికి ‘బెండ్‌గేట్’ అని పేరు కూడా పెట్టారు. మరుసటి ఏడాది 6ఎస్‌లో యాపిల్ 7000 సిరీస్ అల్యూమినియం వాడింది. అప్పటి నుంచి ఫోన్ లాంచ్‌లు ఫాలో అయ్యే మనందరికీ ‘ఏరోస్పేస్ గ్రేడ్ అల్యూమినియం’ అనే మాట బట్టీ వచ్చేసింది. మధ్యలో టైటానియం వైపు వెళ్లి, 17 ప్రోతో మళ్లీ అల్యూమినియానికే వచ్చారు. స్పెక్ షీట్‌లో ఆ మాట కనిపిస్తే మనం టిక్ పెట్టేసి ప్రాసెసర్ దగ్గరికి వెళ్లిపోతాం. నిజంగా విమానంలో వాడే అల్యూమినియం రేకుని చేతిలోకి తీసుకుని, దాన్ని ఎగరడానికి పనికొచ్చేలా చేయాలంటే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు.

గత నాలుగు నెలలుగా శని, ఆదివారాలు నేను చేస్తున్నది అదే. డే జాబ్ సాఫ్ట్‌వేర్. ఉండేది అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో, నాలుగో అంతస్తు పైన డాబా మీద ఉన్న సింగిల్ రూమ్. హైదరాబాద్ టు-లెట్ బోర్డుల భాషలో దాన్ని ‘పెంట్‌హౌస్’ అంటారు, ఊహించేసుకోకండి. రూమ్ ముందు ఒక టేబుల్, దానికి బిగించిన చిన్న వైస్, దాని మీద రెండు అడుగులు కూడా లేని ఒక విమానం రెక్క ముక్క. రెండు రిబ్‌లు, ఒక స్పార్, పైన ఒక స్కిన్. ఇది ఎగరదు. సొంతంగా విమానం కట్టుకోవాలనుకునేవాళ్లు అసలు కిట్ తెరిచే ముందు చేయి తిప్పుకోవడానికి వాడే ప్రాక్టీస్ కిట్ ఇది.

సరదా కోసం మొదలుపెట్టలేదు దీన్ని. టెక్సస్‌లో మా బావ ఇంటి గ్యారేజ్‌లో రెండు సీట్ల విమానం కడుతున్నాడు. అమెరికాలో ఇది మామూలు హాబీ. విమానంలో సగానికి పైగా పని హాబీ కోసమో నేర్చుకోవడం కోసమో ఔత్సాహికులే చేశారని చూపిస్తే, ఎఫ్ఏఏ దాన్ని ఎక్స్‌పెరిమెంటల్ కేటగిరీలో ఇన్‌స్పెక్ట్ చేసి సర్టిఫికెట్ ఇస్తుంది. విస్కాన్సిన్‌లోని ఆష్‌కాష్‌లో ఏటా జరిగే ఎయిర్‌వెంచర్ మేళా మొదలైందే ఈ గ్యారేజ్ విమానాల వాళ్లతో. అంతా బాగానే ఉంది కానీ, సంక్రాంతికి వచ్చినప్పుడు అక్క నన్ను వంటింట్లోకి పిలిచి అడిగిన ప్రశ్న వేరు: “నువ్వు ఇంజనీర్‌వి కదరా. నిజం చెప్పు, పిల్లల్ని దాంట్లో ఎక్కించొచ్చా?”

నేను చదివింది సీఎస్ఈ. నాకేం తెలుసు అని తప్పించుకోవచ్చు. కానీ అక్క అడిగింది యూట్యూబ్ చూసి చెప్పమని కాదు. బావ తన సూట్‌కేసులో తెచ్చిన ఈ ప్రాక్టీస్ కిట్‌ని నా చేతిలో పెట్టి, “కోడ్ రివ్యూ చేస్తావుగా, ముందు ఇది చేసి చూడు, తర్వాత నా పని రివ్యూ చెయ్యి” అన్నాడు. అలా మొదలైంది.

టిన్ స్మితీ గుర్తుందా?

బీటెక్ ఫస్టియర్‌లో వర్క్‌షాప్ ల్యాబ్ ఉండేది. జీఐ రేకుని స్నిప్స్‌తో కత్తిరించి ట్రేనో, గరాటో చేసి, రికార్డ్ మీద సంతకం చేయించుకుని, మళ్లీ జన్మలో అటు వైపు చూడం. నా విమాన విద్య మొత్తం ఆ టిన్ స్మితీ సెషన్లే. అక్కడ మేస్త్రి గారు “అంచు మడవకపోతే చెయ్యి తెగుద్ది” అనేవారు. చెయ్యి తెగడం అనేది ఇక్కడ చిన్న సమస్య. విమానం రేకులో పదునైన అంచు వల్ల తెగేది చెయ్యి కాదు, రేకే.

ఎందుకో పంజాగుట్టలో కార్ల టింకరింగ్ చేసే ఒక ఉస్తాద్ నాకు ఒక్క మాటలో చెప్పేశాడు. ఆయన దగ్గరికి వెళ్లింది చిన్న రేకు ముక్కలు కట్ చేయించుకోవడానికి. నేను ఏం చేస్తున్నానో విని, చెయ్యి ఆపి, “తమ్ముడూ, రేకు నడిమిట్ల చినగది. అంచు కాంచే చినుగుతది” అన్నాడు. బట్టల షాపులో చూసే ఉంటారు. తానులోంచి గుడ్డ చింపడానికి ముందు కత్తెరతో అంచు మీద చిన్న గాటు పెడతారు, తర్వాత చర్రున లాగేస్తారు. గాటు లేకుండా చేత్తో లాగితే ఎంత బలమున్నవాడికైనా కష్టమే. లోహంలో కూడా అంతే. లాగే శక్తి మొత్తం ఆ గాటు మొనలోకి వచ్చి కూర్చుంటుంది. ఇంజనీరింగ్ భాషలో స్ట్రెస్ కాన్సంట్రేషన్. విమానం రెక్క ప్రతి కుదుపుకీ కొద్దిగా వంగి లేస్తుంది. గాటు దగ్గర మొదలైన పగులు ఒక్కో వంపుకీ వెంట్రుక మందంలో కొంత పాకుతుంది. దాన్నే ఫటీగ్ అంటారు.

నమ్మకం కుదరక డాబా మీద టెస్ట్ పెట్టాను. ఒకే రేకు నుంచి ఒకే వెడల్పున పట్టీలు కోశాను. సగం పట్టీల అంచుల్ని ఆకురాయితో, తర్వాత 400 గ్రిట్ పేపర్‌తో నున్నగా చేశాను. మిగతా సగానికి కోసినప్పటి అంచు అలాగే వదిలి, అడ్డంగా మేకుతో ఒక గీత గీశాను. వైస్‌లో బిగించి అటూ ఇటూ వంచడమే టెస్ట్. మూడు జతలు చేశాను. మూడుసార్లూ గీత ఉన్న పట్టీయే ముందు తెగింది, అది కూడా సరిగ్గా గీత మీదే. ఇది ల్యాబ్ టెస్ట్ కాదు, నిజం విమానంలో వంపు ఇంత ఉండదు, చాలా సన్నని వంపులు లక్షలసార్లు వస్తాయి. కానీ చేతికి అర్థమయ్యేది స్పెక్ షీట్‌కి అర్థం కాదు.

మెటీరియల్: స్క్రీన్ గార్డ్ ఉన్న అల్యూమినియం

చిన్న మెటల్ విమానాల స్కిన్‌లకి ఎక్కువగా వాడేది 2024-టీ3 అనే మిశ్రమం. ఇందులో అల్యూమినియంతో పాటు కలిపే ముఖ్యమైన లోహం రాగి. రాగి వల్ల బలం వస్తుంది, దాంతో పాటే తుప్పు పట్టే గుణం కూడా వస్తుంది. అందుకని రేకు రెండు వైపులా పల్చగా స్వచ్ఛమైన అల్యూమినియం పొర వేసి రోల్ చేస్తారు. దాన్ని ఆల్‌క్లాడ్ అంటారు. ఆ పొర కంటికి కనపడదు, వెంట్రుకంత గీత పడితే కింద ఉన్న మిశ్రమం బయటపడుతుంది. స్క్రీన్ గార్డ్ లేని ఫోన్‌ని తాళాల గుత్తితో ఒకే జేబులో పెట్టుకునేవాళ్లు ఈ పనికి దూరంగా ఉండటం మంచిది.

అందుకే షాపు నుంచి వచ్చే రేకు మీద నీలం రంగు ప్లాస్టిక్ ఫిల్మ్ ఉంటుంది. దీనికో చక్కటి చిట్కా ఉంది, సోల్డరింగ్ ఐరన్ ఉన్న ప్రతివాడూ ఎంజాయ్ చేస్తాడు. మొనని గుండ్రంగా అరగదీసి, స్కేల్ పెట్టి, రివెట్ల వరుసకి రెండు వైపులా ఫిల్మ్ మీద నడిపిస్తే ప్లాస్టిక్ మాత్రమే కరిగి తెగుతుంది. ఆ పట్టీ ఒక్కటీ లాగేసి పని చేసుకోవచ్చు, మిగతా స్కిన్‌కి కవచం అలాగే ఉంటుంది. బ్లేడుతో కోస్తే ఫిల్మ్‌తో పాటు రేకు మీదా గీత పడుతుంది. అయితే ఆ ఫిల్మ్‌ని ఏళ్ల తరబడి వదిలేయకూడదు, లోపలికి తేమ చేరితే మళ్లీ తుప్పే.

మార్కింగ్‌కి పెన్సిల్ నిషేధం. పెన్సిల్‌లోని గ్రాఫైట్, అల్యూమినియం పక్కపక్కన ఉండి కాస్త తేమ తగిలితే బ్యాటరీలా పనిచేసి లోహాన్ని తినేస్తుంది. సన్న మొన ఉన్న మార్కర్ పెన్ను చాలు. అలాగే గిన్నెలు తోమే స్టీల్ పీచుతో రేకుని రుద్దకూడదు, ఇనుప నలకలు లోపల దిగబడి అక్కడే తుప్పు మొదలవుతుంది. ఆకుపచ్చదో మెరూన్ రంగుదో నైలాన్ ప్యాడ్ వాడాలి.

ఇక్కడ ఒక మాట. అమీర్‌పేట, పంజాగుట్ట హార్డ్‌వేర్ షాపుల్లో అడిగితే దొరికే అల్యూమినియం రేకు ఇది కాదు. కిటికీలకి, పార్టిషన్లకి వాడే మెత్తటి కమర్షియల్ రేకు. డీబర్ చేయడం, డ్రిల్ చేయడం ప్రాక్టీస్‌కి భేషుగ్గా పనికొస్తుంది, అంతకు మించి ఆశించొద్దు. నా పట్టీల టెస్ట్ కూడా దాని మీదే.

40 వేల అంచులు

విమానం కట్టడం అంటే రివెట్ గన్‌తో టకటకలాడించే వీడియోలే కనిపిస్తాయి. నిజానికి రివెట్ కొట్టడం సెకన్ల పని. దానికి ముందు ఒక రేకు ఎన్నిసార్లు చేతిలోకి వస్తుందో చూడండి.

ముందు బయటి అంచులు. ఫ్యాక్టరీలో పంచ్ చేసిన రేకు అంచు మీద వేలు పెడితే గరగరలాడుతుంది. ఆకురాయిని అంచు పొడుగునా, ఒకే దిశలో నడపాలి. అడ్డంగా రుద్దితే మీరే కొత్త గాట్లు పెడుతున్నట్టు. తర్వాత సన్నని పేపర్, తర్వాత నైలాన్ ప్యాడ్. అంచు అద్దంలా మెరవక్కర్లేదు, వేలికి ఏమీ తగలకూడదు. స్ట్రెయిట్ అంచులు ఎవరైనా చేస్తారు. అసలు పరీక్ష రిబ్ చుట్టూ ఉండే ఫ్లాంజ్ ట్యాబుల మధ్య నాచ్‌లు. ఆకురాయి దూరని ఇరుకు మూలలవి, లోపలి మూల ఎంత పదునుగా ఉంటే పగులుకి అంత ఇష్టం. గుండ్రటి సూది ఆకురాయి, దాని తర్వాత పుల్లకి చుట్టిన పేపర్. ఒక్క రిబ్‌కి నాకు గంట పైనే పట్టింది.

తర్వాత రిబ్‌ని నిఠారు చేయడం. రిబ్ అంటే రెక్క అడ్డుకోత ఆకారంలో ఉండే రేకు, చుట్టూ అంచు 90 డిగ్రీలకి మడిచి ఉంటుంది. వంపు తిరిగిన అంచుని మడిచినప్పుడు అక్కడ లోహం ఎక్కువైపోయి, రిబ్ మొత్తం అరటిపండులా వంగుతుంది. ఫ్లూటింగ్ ప్లయర్ అని ఒక ప్రత్యేక పట్టకారు ఉంటుంది. రెండు రివెట్ రంధ్రాల మధ్య ఫ్లాంజ్‌ని నొక్కి చిన్న ముడత పెడితే ఎక్కువైన లోహం అందులోకి వెళ్లి రిబ్ తిన్నగా అవుతుంది. అమ్మ చీర కుచ్చిళ్లు పెట్టడంలో ఉన్న లాజిక్కే. తిన్నగా అయిందో లేదో చూడటానికి నా దగ్గర సర్ఫేస్ ప్లేట్ లేదు, గ్రానైట్ వంటగట్టు ఉంది. దాని మీద బోర్లా పెడితే ఏ మూల లేస్తోందో చెప్పేస్తుంది.

ఆ తర్వాత స్పార్, రిబ్‌లు, స్కిన్ అన్నీ కలిపి క్లెకోలతో బిగించాలి. క్లెకో అంటే రంధ్రంలో దూర్చి వదిలితే రెండు రేకుల్ని పట్టుకునే స్ప్రింగ్ క్లిప్. ప్రత్యేక ప్లయర్‌తో నొక్కితే ఊడొస్తుంది. చిన్న రివెట్ సైజుకి వెండి రంగువి, దాని పై సైజుకి రాగి రంగువి. ఈ కిట్ మొత్తంలో నాకు బాగా నచ్చిన గ్యాడ్జెట్ ఇదే, డ్రాయర్‌లో ఊరికే పెట్టుకున్నా బాగుంటుంది. అన్నీ బిగించాక రంధ్రాల్ని ఫైనల్ సైజుకి డ్రిల్ చేయాలి. 3/32 అంగుళం రివెట్‌కి నంబర్ 40 బిట్, అంటే 2.49 మి.మీ. మన దగ్గర దొరికే 2.5 మి.మీ. బిట్ దాదాపు అదే కాబట్టి ప్రాక్టీస్‌కి దిగులు లేదు. రివెట్ మధ్య బిందువు నుంచి రేకు అంచుకి కనీసం రివెట్ వ్యాసానికి రెట్టింపు దూరం ఉండాలి, అది తగ్గితే ఆ రేకు పక్కన పెట్టాల్సిందే.

డ్రిల్ అయిపోయింది కదా, ఇక రివెట్ కొట్టేద్దాం అనుకుంటే, లేదు. మొత్తం విప్పాలి. డ్రిల్ బయటికొచ్చిన ప్రతి వైపూ రంధ్రం చుట్టూ సన్నటి లోహపు ముళ్లు లేస్తాయి. అవే బర్‌లు. అవి రెండు రేకుల మధ్య ఉండిపోతే రేకులు ఒకదానికొకటి ఆనవు, రివెట్ బిగుసుకోదు. తీయడానికి మోటార్ అక్కర్లేదు. పెద్ద సైజు కౌంటర్‌సింక్ బిట్‌ని చేత్తో పట్టుకుని రంధ్రం మీద రెండు చుట్లు తిప్పితే చాలు. ఇంకో నాలుగు చుట్లు తిప్పాలనిపిస్తుంది, తిప్పకూడదు. ఎక్కువ తిప్పితే రంధ్రం అంచు పల్చబడుతుంది. ‘ముల్లు పోయింది’కి, ‘లోహం పోయింది’కి మధ్య తేడా వేళ్లకి తెలియడానికి నాకు రెండు వీకెండ్లు, స్క్రాప్ మీద వందల రంధ్రాలు పట్టాయి.

ఇప్పుడు లెక్క. చిన్న రెండు సీట్ల మెటల్ విమానంలో రివెట్లు 10 వేలు అనుకుందాం. ఒక్కో రివెట్ కనీసం రెండు రేకుల్లోంచి వెళ్తుంది, ఒక్కో రేకుకి రెండు వైపులు. అంటే 40 వేల అంచులు, ప్రతిదాని మీదా రెండు చుట్లు. బావ రెండేళ్లుగా గ్యారేజ్‌లో ఏం చేస్తున్నాడని అక్క అడిగేది. చేస్తున్నది ఇదే.

డింపుల్: ఇక్కడే బయటపడుతుంది

రివెట్ తలలు గాలికి అడ్డం రాకుండా రేకుతో సమానంగా ఉండాలంటే తల కూర్చోవడానికి గుంట కావాలి. దానికి రెండు దారులు. రేకు మందంగా ఉంటే కౌంటర్‌సింక్ బిట్‌తో లోహాన్ని తొలిచేయడం. పల్చగా ఉంటే మగ, ఆడ డైల మధ్య పెట్టి నొక్కి రేకునే గిన్నెలా వంచడం, అదే డింపుల్. విమానాల ఫ్లష్ రివెట్ల కోణం 100 డిగ్రీలు. మన హార్డ్‌వేర్ షాపుల్లో సాధారణంగా దొరికేది మామూలు స్క్రూల కోసం చేసిన 90 డిగ్రీల బిట్. పైనుంచి చూస్తే ఒకేలా ఉంటాయి, రివెట్ తల మాత్రం సరిగా కూర్చోదు.

పల్చటి రేకుని తొలిస్తే ఏమవుతుంది? గుంట లోతు రేకు మందం దాకా వెళ్లిపోయి, రంధ్రం అడుగు అంచు కత్తి మొనలా మిగులుతుంది. దీనికి చరిత్రలో భయంకరమైన పాఠం ఉంది. 1988 ఏప్రిల్ 28న హవాయీలో అలోహా ఎయిర్‌లైన్స్ 243 ఫ్లైట్, బోయింగ్ 737, దాదాపు 24 వేల అడుగుల ఎత్తులో ఉండగా ముందు భాగం పైకప్పు ఊడి ఎగిరిపోయింది. ఒక ఫ్లైట్ అటెండెంట్ ప్రాణాలు పోయాయి. మిగతా అందరితో పైలట్లు దాన్ని మావీ ద్వీపంలో దించగలిగారు. రేకుల జాయింట్‌లో అతుకు జిగురు వదిలేసి, భారమంతా రివెట్ల మీద పడింది. అక్కడ కౌంటర్‌సింక్ చేసిన రంధ్రాల కత్తి అంచుల దగ్గర ఫటీగ్ పగుళ్లు పుట్టి, పక్క పక్క రంధ్రాల పగుళ్లు ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. ఆ విమానం అప్పటికే 89 వేలకు పైగా ఫ్లైట్లు చేసింది. గ్యారేజ్ విమానం అన్ని చేయదు, నిజమే. కానీ లోహం ప్రవర్తన ఒకటే.

ఇంకా దగ్గరి ఉదాహరణ 2023లో జరిగింది, టెక్ ఫాలో అయ్యేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది. అమెరికాలోని ఆరిగన్‌లో వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే కంపెనీ ఉంది. రిచర్డ్ వ్యాన్‌గ్రన్స్‌వెన్ మొదలుపెట్టారు. వాళ్ల ఆర్‌వీ సిరీస్ కిట్‌లతో కట్టి ఎగిరిన విమానాలు ప్రపంచంలో 11 వేలు దాటాయి. కొవిడ్ తర్వాత ఆర్డర్లు ఒక్కసారిగా పెరిగాయి. పార్టులు వేగంగా తయారు చేయడానికి, పంచ్ చేసే చోట కొన్ని పార్టుల్ని లేజర్‌తో కోయించారు. కాగితం మీద ఇది అప్‌గ్రేడ్. లేజర్ అంటే మనకి ఆటోమేటిక్‌గా ‘ప్రెసిషన్’ అనిపిస్తుంది కదా. కానీ లేజర్ అంచుని కాల్చి కోస్తుంది. కిరణం రంధ్రం చుట్టూ తిరిగి మొదలైన చోటికి వచ్చి ఆగే దగ్గర చిన్న గాటు మిగిలింది. బిల్డర్లు ఇళ్లలో ఆ రంధ్రాల్ని డింపుల్ చేయగానే, రేకు సాగి, గాటు దగ్గర పగుళ్లు కనిపించాయి.

తర్వాత కథ లోహానికి సంబంధించింది మాత్రమే కాదు. టెస్టులు చేసి చాలా పార్టులు బలానికి సరిపోతాయని కంపెనీ చెప్పినా, తన పిల్లల్ని కూర్చోబెట్టే విమానంలో పగిలిన రంధ్రం ఎవడు పెట్టుకుంటాడు? పార్టులు మార్చి ఇవ్వాల్సి వచ్చింది. పెరిగిన ఖర్చులు, పాత ధరలకి తీసుకున్న ఆర్డర్లు అప్పటికే మీద ఉన్నాయి. 2023 డిసెంబర్‌లో కంపెనీ చాప్టర్ 11 దివాలా రక్షణకి వెళ్లింది. 2024లో దాంట్లోంచి బయటపడి ఇప్పుడు నడుస్తోంది. ఇన్ని దశాబ్దాల కంపెనీని కుదిపిన వాటిలో ఒకటి 2.5 మి.మీ. రంధ్రం చుట్టూ ఉన్న అంచు. ‘లేజర్ కట్’ అనే మాట ఏ గ్యాడ్జెట్ బాక్స్ మీద చూసినా ఇప్పుడు నాకు మొదట వచ్చే ప్రశ్న, కోశాక అంచుని ఏం చేశారు?

అందుకే డింపుల్ చేశాక ప్రతి గుంటనీ చూడాలి. కళ్లద్దాలవాళ్లు వాడే 10ఎక్స్ లూప్ అయినా సరే, ఫోన్ మ్యాక్రో మోడ్ అయినా సరే. నిజం చెప్పాలంటే, నా ఫోన్‌లో రెండేళ్లుగా ఎందుకుందో తెలియని మ్యాక్రో కెమెరాకి దొరికిన మొదటి ఉద్యోగం ఇది. ప్రతి రంధ్రాన్నీ ఫోటో తీసి నంబర్ పెట్టి ఫోల్డర్‌లో వేస్తున్నాను. 2 మెగాపిక్సెల్ మ్యాక్రో సరిపోదు, అల్ట్రావైడ్‌తో దగ్గరికి ఫోకస్ అయ్యే ఫోన్ కావాలి.

అమీర్‌పేటలో సాధ్యమేనా?

ఆశ్చర్యంగా, ఈ భాగం మాత్రం సాధ్యమే. డీబర్ చేయడం సైలెంట్ పని. మా బిల్డింగ్ కింద మూడు ఫ్లోర్లూ హాస్టల్, గ్రూప్స్‌కి, ఎస్సైకి ప్రిపేరయ్యే వాళ్లతో నిండి ఉంటుంది. రివెట్ గన్ మోగిస్తే ఓనర్ ఆ రోజే టు-లెట్ బోర్డు తగిలిస్తాడు. నేను చేత్తో నొక్కే స్క్వీజర్ వాడుతున్నాను, శబ్దం ఉండదు. ఆకురాళ్లు, సూది ఆకురాళ్లు, డిజిటల్ వెర్నియర్ రాణిగంజ్‌లో దొరికాయి. క్లెకోలు, డింపుల్ డైలు, స్క్వీజర్ బావ తెచ్చినవే. అన్నీ కలిపి ఒక మిడ్‌రేంజ్ ఫోన్ ఖర్చు అయి ఉంటుంది. పెయింట్ పనిలో మాత్రం డాబా మీద హద్దు పెట్టుకున్నాను. తుప్పు రక్షణకి వాడే క్రోమేట్ రసాయనాలు క్యాన్సర్ కారకాలు, నలుగురు బట్టలారేసే చోట అలాంటివి తెరవను. ప్రాక్టీస్ ముక్కకి శుభ్రంగా తుడవడంతో సరిపెట్టాను.

ఊరు కూడా ఈ పనికి కొత్తది కాదు. 2008 మార్చిలో శంషాబాద్ మొదలయ్యేదాకా మా డాబా మీదుగా బేగంపేటకి ఫ్లైట్లు దిగేవని ఓనర్ చెబుతుంటాడు. ఇప్పటికీ ట్రైనింగ్ విమానాలు, వింగ్స్ ఇండియా షో అప్పుడు హెలికాప్టర్లు కనిపిస్తాయి. ఆదిబట్లలో టాటాల ఫ్యాక్టరీల్లో సీ-130జే రవాణా విమానం తోక భాగాలు, అపాచీ హెలికాప్టర్ బాడీలు తయారవుతున్నాయి. ఇక్కడి పిల్లలే అక్కడ ఇదే పని, చాలా కఠినమైన ఇన్‌స్పెక్షన్ కింద చేస్తున్నారు. సాఫ్ట్‌వేర్ కోర్సుల బ్యానర్ల మధ్య నుంచి నడిచేటప్పుడు అప్పుడప్పుడు అనిపిస్తుంది, ‘షీట్ మెటల్ ఏరోస్ట్రక్చర్స్, 100% ప్లేస్‌మెంట్’ అని ఒక్క బ్యానరైనా లేదేంటి అని.

సొంత విమానం కట్టి ఇక్కడ ఎగరేయడం మాత్రం వేరే సంగతి. ముంబైలో కెప్టెన్ అమోల్ యాదవ్ కాందివలీలో తాము ఉండే బిల్డింగ్ టెర్రస్ మీద ఆరు సీట్ల విమానం కట్టారు. 2016లో మేక్ ఇన్ ఇండియా ఎగ్జిబిషన్‌లో పెట్టారు. డీజీసీఏ రిజిస్ట్రేషన్ 2017లో వచ్చింది, గాల్లోకి లేచింది 2020లో, ధూళేలో. కట్టడం ఎంత కష్టమో, కాగితాలు అంత కష్టం. అందుకని ఇది చదివి ఎవరూ ఉద్యోగం మానేసి రేకులు కొనొద్దు. ఒక ప్రాక్టీస్ ముక్క చేయండి, చాలు.

అక్కకి ఏం చెప్పాను

నా ముక్క పోయిన నెల పూర్తయింది. రివెట్ల వెనక వైపు తలలు వెర్నియర్‌తో కొలిచాను. రివెట్ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు వెడల్పు, సగం ఎత్తు ఉండాలి. ఉన్నాయి. ఆ మర్నాడు అక్కకి వీడియో కాల్ చేశాను. అవును, కాదు అని చెప్పలేదు. ముందు రూల్ చెప్పాను: కొత్త విమానానికి ఎఫ్ఏఏ మొదట టెస్ట్ ఫ్లయింగ్ గంటలు పెడుతుంది, మామూలుగా 25 లేదా 40 గంటలు. ఆ టైంలో ప్యాసింజర్లని ఎక్కించుకోకూడదు. కాబట్టి పిల్లల సంగతి ఇప్పుడే తేల్చాల్సిన పని లేదు. తేల్చాల్సింది బావ పని, అది ఇంకా మూత పడలేదు.

“పూజ గదిలో వత్తుల దూది ఉందా?” అన్నాను. ఉంది. బావని అడిగి, ఇంకా రివెట్ చేయని రిబ్‌లు డైనింగ్ టేబుల్ మీద పెట్టించాను. దూదిని అంచుల వెంట మెల్లగా లాగమన్నాను. బర్ ఉంటే దూది పోగు పట్టుకుంటుంది, అబద్ధం ఆడదు. బావ చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాడు. బయటి అంచులన్నీ దూది జారిపోయింది. రంధ్రాలు కూడా. మూడో రిబ్ ముక్కు దగ్గర నాచ్‌లో ఒక పోగు చిక్కుకుంది. తర్వాత దాంట్లోనే ఇంకోటి. అక్క ఫోన్ కెమెరా దగ్గరికి తెచ్చి చూపించింది, ఇరుకు మూలలో తెల్లగా రెండు పోగులు.

బావ ఆ రిబ్ తీసుకుని వెలుతురులో తిప్పి చూశాడు. “అవి నేను రాత్రి పదకొండు తర్వాత చేసిన బ్యాచ్” అన్నాడు. ఆ బ్యాచ్‌లో 14 రిబ్‌లు ఉన్నాయి, అన్నీ పక్కకి తీశాడు. అక్క వెంటనే అడిగింది, ఇప్పటికే రివెట్ చేసేసిన తోక భాగంలో నాచ్‌లు ఎప్పుడు చేసినవి అని. లాగ్‌బుక్ తెచ్చాడు. తేదీలు, టైములు, ఫోటోలు ఉన్నాయి, అన్నీ వీకెండ్ పగటిపూట పని. ఫోటోల్ని జూమ్ చేసి నాకూ పంపాడు, ఒక్కొక్కటీ చూస్తున్నాను. ఇప్పటికి సగం అయ్యాయి, కంటికి తేడాగా కనిపించింది ఏమీ లేదు.

ఆ 14 రిబ్‌ల నాచ్‌లు మాత్రం ఇప్పుడు అక్కే రుద్దుతోంది. సూది ఆకురాయి ఏ గ్రేడ్ కొనాలని నిన్న రాత్రి నాకు మెసేజ్ పెట్టింది.